వణుకు తగ్గేదాకా ఆగాలి

ఈసీజీ తీయడం వారంలో వస్తుంది. చేతులకూ కాళ్ళకూ క్లాంపులు తగిలించాలి, ఛాతీ మీద జెల్లీ రాసి రబ్బరు బుడ్డలు అంటించాలి, మీట నొక్కాలి. అంతే పని. ఆ కోర్సు చదివిన పిల్లలు ఈమధ్య మార్కాపురంలో చాలామంది కనబడుతున్నారు. వాళ్ళలో ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మస్తాన్ మామా, ముప్పై ఏండ్లు ఇదే పని చేసినావు గదా, మాకు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నోటితో చెబితే నొచ్చుకుంటారు. అందుకని రాస్తున్నాను. చదివి నొచ్చుకుంటే నాకు కనబడదు కదా.

నాకు పదో తరగతి లేదు. మా నాయన పలకల గనిలో రాయి కొట్టేవాడు. నేను ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో వాచ్‌మన్‌గా చేరి, ఈసీజీ తీసేవాడు పని మానేసి పోయిన వారంలో ఆ గదిలోకి అడుగుపెట్టాను. నెలాఖరుకల్లా ఇంకొకడిని చూస్తామన్నారు. రిటైరయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు సన్మానం చేశారు అనేవి ఇక్కడ ఉండవు. ఒక తప్పు గురించి రాస్తున్నాను. అందులో నా వాటా ఎంతో కూడా రాస్తాను.

కాగితం మీద పడనిది

గుండెపోటు వచ్చిందని ఆటోలో తెస్తారు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని దించుతారు. వచ్చినవాడి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి, పెదాలు ఎండిపోయి ఉంటాయి. "నా పని అయిపోయింది, నా బిడ్డల్ని పిలిపించండి" అంటాడు. ఈసీజీ తీస్తే గుండె గుర్రంలా పరిగెడుతుంటుంది గానీ దారి తప్పి ఉండదు. దీన్ని ఇప్పుడు పానిక్ అటాక్ అంటున్నారు. మా నర్సింగ్ హోములో అప్పట్లో దాని పేరు 'ఏం లేదు కేసు'.

ఏం లేదు కేసుకు ఒక సెలైను, ఒక ఇంజెక్షను, ఇంటికి పంపడం. మూడో రోజు అదే మనిషి మళ్ళీ వస్తాడు. ఈసారి చస్తానని అరవడు. మెల్లగా, సిగ్గుపడుతూ చెబుతాడు. ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టుంది. ఎడమ చెయ్యి గుంజుతోంది. అరచేతుల్లో చీమలు పాకుతున్నాయి. గొంతులో ఉండ అడ్డుపడింది. నాలుగు మెట్లెక్కితే కాళ్ళు దూదిలా అయిపోతున్నాయి. కన్ను మూతపడే సమయానికి గుండె ఒక్క ఎగురు ఎగిరి లేపేస్తోంది. వాడికి మళ్ళీ అదే మాట: ఏం లేదు పో.

భయం పావుగంటలో పోతుంది, ఒళ్ళు మాత్రం దాన్ని రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మోస్తుంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఊపిరి ఎగబీల్చి ఎగబీల్చి పక్కటెముకల మధ్య కండలు నొప్పి పడతాయి. భుజాలు బిగబట్టి బిగబట్టి చెయ్యి గుంజుతుంది. పొద్దంతా గడ్డపార వేసినవాడికి మర్నాడు ఒళ్ళునొప్పులు వస్తే ఎవరూ వాడిని వింతగా చూడరు. పావుగంటలో ఒళ్ళంతా అంత పనీ చేసినవాడిని మాత్రం వేషాలేస్తున్నాడంటారు.

మా అమ్మ మా ఇంటి ఉర్దూలో ఒక మాట అనేది, "డర్ బైఠ్ గయా" అని. భయం వచ్చి పోలేదు, లోపల కూర్చుంది అని అర్థం. అక్షరం రాని ఆమెకు తెలిసింది మా నర్సింగ్ హోములో ఎవరికీ తెలియలేదు.

పైగా మాది ఫ్లోరైడ్ నేల. ఇక్కడ ఏ కీలు నొచ్చినా, ఏ చెయ్యి తిమ్మిరెక్కినా బోరు నీళ్ళ మీదికి తోసేస్తారు. నీళ్ళ తప్పు నిజంగా ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి వంగిపోయిన నడుం చూసే చెప్పొచ్చు. కానీ నిన్నటిదాకా బాగున్నవాడి వేళ్ళు ఇవాళ జివ్వుమంటే అది కూడా నీళ్ళేనట. ఆర్ఎంపీని అడిగితే గ్యాస్ అంటాడు. దర్గాకు పోతే తాయెత్తు కడతారు. వీళ్ళందరిలోకీ తాయెత్తు కట్టినవాడే కాస్త నయం. "నీకు భయం పట్టింది బిడ్డా" అని ఉన్నమాట చెబుతాడు.

ఒక మాట ఇక్కడే చెప్పి పోతాను. ఇది చదివి, ఛాతీ నొప్పి అన్న ప్రతివాడినీ భయమేలే అని పంపేస్తే మీరు నాకంటే పెద్ద పాపం చేసినవాళ్ళవుతారు. కంభం నుంచి వచ్చిన ఒక అయ్యవారిని మా కౌంటర్లో వాళ్ళు టెన్షన్ అని బెంచీ మీద కూర్చోబెట్టారు. నా గది దాకా వచ్చాక గీత చూస్తే అది అసలైన గుండెపోటు. మొదట గుండెను చూడాల్సిందే. చూసి, బాగుందని తేలాక ఏం చెప్పాలన్నదే నా గొడవ.

యంత్రం చెప్పే అబద్ధం

మా పెద్ద డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. చెడ్డవాడని రాయను. పాముకాటు కేసు వస్తే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తి వచ్చేవాడు. ఆయన చేతిలో బతికినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఆయనకు దండం పెడతారు. ఆయనకు లేనిది ఓపిక. వరండాలో నలుగురు కనబడితే చాలు, లోపల ఉన్న ఐదోవాడి మీద తొందర చూపించేవాడు.

అంతకుముందు అక్కడ పనిచేసిన ఒక ముసలి డాక్టరు వెళ్ళిపోతూ గుండె మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వదిలేసి పోయాడు. కవరు లేదు, మధ్యలో కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు అర పేజీ చొప్పున నేను దాన్ని నాలుగేళ్ళు చదివాను. అందులో ఆర్టిఫాక్ట్ అనే మాట ఒకటి తగిలింది. డిక్షనరీలో అర్థం చూస్తే పొసగలేదు. చివరికి నేనే ఒక అర్థం రాసుకున్నాను: యంత్రం చెప్పే అబద్ధం.

ఆ అబద్ధం ఎట్లా పుడుతుందో చెబుతాను. యంత్రం గుండెను చూడదు. ఒంట్లో కదిలే కరెంటును చూస్తుంది. గుండె కండ కదిలినా గీస్తుంది, చేతి కండ వణికినా గీస్తుంది. ఏది ఏదో దానికి తెలియదు. మనిషి వణుకుతుంటే గుండె గీత మీద రంపం పళ్ళలాగా సన్న గీతలు పడతాయి. అలవాటు లేని కంటికి, తొందరలో ఉన్న కంటికి గుండె లయ తప్పినట్టే కనబడుతుంది.

మందు చాలా సులువు. వణుకు తగ్గేదాకా ఆగాలి. ఏసీ ఆపాలి, దుప్పటి కప్పాలి. చేతులు వాడి తొడల కింద పెట్టుకోమనాలి, వణుకు కొంత బరువు కింద అణుగుతుంది. క్లాంపు మణికట్టు దగ్గర కాకుండా ఇంకాస్త పైకి తగిలించాలి. ఊపిరి లోపలికి లాగమని కాదు, మెల్లగా బయటికి వదలమని చెప్పాలి. ఏ ఊరు, ఏం పంట, వాన పడిందా అని అడుగుతూ ఉండాలి. పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి అరగంట.

నేను అట్లా ఆగుతుంటే పెద్ద డాక్టరు తలుపు దగ్గర నిలబడి అనేవాడు: "ఇదేమన్నా ఫొటో స్టూడియో అనుకుంటున్నావా మస్తాన్, గడ్డం ఎత్తండి, నవ్వండి అని చెప్పడానికి?" నర్సులు నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

గురవయ్య

గురవయ్యది కొనకనమిట్ల అవతల పల్లె. గొర్రెల మనిషి. ఒకరోజు తెల్లవారుజామున మంద రోడ్డు దాటుతుంటే మలుపులో లారీ వచ్చి మందలో పడింది. ఆయనకు గీత కూడా పడలేదు. చచ్చిన గొర్రెల్ని పక్కకు లాగి, మిగిలినవాటిని తోలుకుని ఇంటికి పోయాడు. అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. వారం తర్వాత అదే మలుపులో దూరంగా లారీ హారన్ వినబడగానే కూలబడిపోయాడు. ఊపిరి అందలేదు. ఆయన భార్య తిరుపాలమ్మ ఆటోలో మా దగ్గరికి తెచ్చింది.

చొక్కా విప్పి పడుకోబెట్టాం. నేను ఏసీ ఆపబోతుంటే పెద్ద డాక్టరు వచ్చి నిలబడ్డాడు. గురవయ్య ఎంత వణుకుతున్నాడంటే మంచం ఇనపకమ్మికి క్లాంపు తగిలి టకటకమంటోంది.

"ఐదు నిమిషాలు ఆగుదాం సార్" అన్నాను.

"తియ్యి."

తీశాను. కాగితం బయటికి వస్తుండగానే నాకు తెలిసిపోయింది. అంతా రంపం పళ్ళు. ఆయన దాన్ని చింపి, కిటికీ వెలుగులో పెట్టి, గ్లాసు నీళ్ళు తాగేంతసేపు కూడా చూడలేదు. "లయ తప్పింది. గుండె వీక్" అన్నాడు.

"సార్, ఇంకోటి తీస్తాను. అది వణుకు సార్."

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకునేది. తీరిగ్గా, అందరూ వినేట్టు అడిగాడు: "నువ్వు ఎండీ ఎక్కడ చేశావయ్యా మస్తాన్?"

నేను నోరు మూసుకున్నాను. నాకు కారణాలున్నాయి. అవి ఇక్కడ రాయను. కారణాలు అందరికీ ఉంటాయి.

ఆయన తిరుపాలమ్మకు చెప్పాడు: "నడవకూడదు. ఎండలో తిరగకూడదు. బరువు ముట్టకూడదు. ఈ మాత్రలు ఆపకూడదు. ఒంగోలు పోయి గుండె స్కానింగ్ చేయించండి." వాళ్ళు మొదటి నాలుగూ తు.చ. తప్పకుండా పాటించారు. ఐదోది చేయలేదు. స్కానింగ్‌కు పోతే గుండె కోస్తారని గురవయ్య భయం. మందులు రాయించుకోవడానికి వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ సంగతి అడిగి ఉండాల్సింది. ఎవరూ అడగలేదు. ఎవరూ అంటే నేను కూడా.

లామినేషన్

నాలుగేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం తిరుపాలమ్మ ఒక్కతే నా గదికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక ప్లాస్టిక్ కార్డు నా బల్ల మీద పెట్టింది. జానెడు పొడవు, లోపల నల్లటి నలుపు. ఏదో పలక ముక్క అనుకున్నాను.

"ఏందమ్మా ఇది?"

"మా ఆయన గుండెన్నా."

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ రోజు ఇచ్చిన ఈసీజీ కాగితం నలిగిపోతుందని అల్లుడు పొదిలిలో జిరాక్స్ షాపుకు తీసుకుపోయి లామినేషన్ చేయించాడట. రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, పిల్లల మార్కుల కాగితం, ఇంట్లో విలువైనది ఏదున్నా మావాళ్ళు మొదట చేసేది అదే. మిషన్లోంచి కాగితం ఇట్లా నల్లగా వచ్చిందట.

"అంగడోణ్ణి అడిగితే, నా మిషన్ బాగానే ఉంది, మీ కాగితంలోనే ఏదో ఉంది అన్నాడంట. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆయన చేతిలో పట్టుకొని, గుండె మాడిపోయిందే తిరుపాలూ అన్నాడు. ఆ పొద్దుటినుంచి ఆస్పత్రికి తప్ప వాకిట్లోకి గూడా రాలేదు."

నేను నవ్వాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను, పగలబడి నవ్వాను. ఈసీజీ కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుంది. దాని గుణమే అది, ఆ వేడితోనే యంత్రం గీత గీస్తుంది. లామినేషన్ మిషన్ వేడికి కాగితం మొత్తం మాడింది. నాకు రోజూ తెలిసిన సంగతి. వాళ్ళకు ఎవరు చెప్పారు? కాగితం చేతికిచ్చేటప్పుడు "దీనికి వేడి తగలనీయకండి" అనే ఒక్క ముక్క నేను ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

"నవ్వుతావేందన్నా?" అంది ఆమె. "ఆ మనిషి నాలుగేండ్లుగా వసారాలో మంచానికి అంటుకపోయినాడు. పొద్దుకు ఎన్నిసార్లు నాడి పట్టుకుంటాడో లెక్కే లేదు. అన్నం తింటా గూడా ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకొని ఉంటాడు, ఇంగ తినేదెట్ల? ఛాతీ అదుముతుందంటాడు, చేతులు జివ్వుమంటాయంటాడు. ఒకపొద్దు మంచం మీద, ఒకపొద్దు మీ ఆస్పత్రి బెంచీ మీద."

"గొర్రెలు?"

"గిద్దలూరు వైపోళ్ళు కొనుక్కోని తోలకపోయిరి. మేపేదానికి మనిషి యాడున్నాడు? తోలకపోయే పొద్దు లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బయట గొర్రె అరుస్తా ఉంటే ఇది ఫలానా దాని అరుపు, ఇది దాని పిల్ల అని చెప్తానే ఉండాడు. మంద అంతా పొయ్యేదాక చెప్పినాడు."

నా నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

ఆ నల్ల కార్డును వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశాను. ఒక్క గీత కనబడలేదు. ఆ రోజు యంత్రం చెప్పింది అబద్ధమని ఇప్పుడు ఏ పెద్ద డాక్టరుకు చూపించి నిరూపించాలన్నా సాక్ష్యం మిగల్లేదు. మిగిలిన సాక్ష్యం నా బుర్రలో ఉంది.

"ఆదివారం బావను తీసుకురా చెల్లెమ్మా. పెద్దాయన ఊళ్ళో ఉండడు" అని కార్డు తిరిగి ఆమె చేతికిచ్చాను.

ఆదివారం

గురవయ్య గోడ పట్టుకుని వచ్చాడు. కాళ్ళు సన్నబడిపోయాయి. తిరుపాలమ్మ నన్ను అన్న అంటుంది కాబట్టి ఆయన మొదటినుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు. ఆ రోజు కూడా, "బావా, నేను బతకతానా?" అనే అడిగాడు.

పడుకోబెట్టాను. దుప్పటి కప్పాను. చేతులు తొడల కింద పెట్టుకోమన్నాను. గొర్రె ముఖం చూసి దాని తల్లిని ఎట్లా గుర్తుపడతారని అడిగాను. మొదట ముక్తసరిగా చెప్పాడు, తర్వాత ఆగకుండా చెప్పాడు. చెవి వాలు, ముక్కు మీద చార, నడకలో తేడా. అరగంట గడిచింది. క్లాంపు చప్పుడు ఆగింది. అప్పుడు మీట నొక్కాను.

నున్నగా వచ్చింది గీత. ఎగుడుకు ఎగుడు, దిగుడుకు దిగుడు, మధ్యలో సమానమైన ఎడం. అంత శుభ్రమైన కాగితాలు నా సర్వీసులో కొన్నే తీశాను.

సంతోషంలో నేను ఆ మాట అనేశాను. "ఏం లేదు బావా. నీకేం లేదు."

ఆయన లేచి కూర్చున్నాడు. "ఏం లేకపోతే నాలుగేండ్లు నేను దొంగ ఏషాలు ఏసినానా? నా ఛాతీ అదమలేదా? నా చేతులు జివ్వుమనలేదా? నా మందను నేను ఊరికే పోగొట్టుకున్నానా?" చొక్కా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తిరుపాలమ్మ వెనకాల పరిగెత్తింది.

పిల్లలూ, నేను మీకు చెప్పగలిగిందంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది. మనం మంచిమాట అనుకుని ఏం లేదు అంటాం. వినేవాడికి అది నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టు వినబడుతుంది.

మరుసటి రోజు ఆ కొత్త కాగితం పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన చూసి, "చూశావా, నా మందులు ఎంత బాగా పనిచేశాయో" అన్నాడు. ఆయన్ని నేను మళ్ళీ ఏమీ అడగలేదు. ఆ ఏడే రిటైరయ్యాను.

ఉంది అని చెప్పడం

వాళ్ళను బతిమాలి గవర్నమెంటు ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నా కూతురి వయసు. ఒంగోలులో స్కానింగ్ చేయించమంది, నేనే వెంట పోయాను. ఎవరూ ఏమీ కోయలేదు. గుండె బాగుందని వచ్చింది. ఆ రిపోర్టు బల్ల మీద పెట్టి ఆమె గురవయ్యతో అన్న మొదటి మాట నేను రాసి పెట్టుకున్నాను.

"ఉంది పెద్దాయనా. నీకు వచ్చేవన్నీ నిజంగానే వస్తున్నాయి. గుండెలోంచి మాత్రం కాదు."

గురవయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళలో ఆయనను ఎవరైనా నమ్మడం అదే మొదలు.

తర్వాత ఆమె ఒక పని చేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషంపాటు గబగబా ఊపిరి తీయమంది. "పరిగెత్తినట్టు తియ్యి. నేనిక్కడే ఉన్నాను." నిమిషం కాకముందే ఆయన మొహం పాలిపోయింది. "అమ్మా, చేతులు జివ్వుమంటాండాయి. ఛాతీ పట్టేసింది. అదే, అదే వచ్చింది."

"ఇంట్లో వచ్చేది ఇదేనా?"

"ఇదే తల్లీ."

"ఇప్పుడు మెల్లగా బయటికి వదులు. నిప్పు మీది బూడిద ఊదినంత నిదానంగా."

నాలుగైదు నిమిషాల్లో తగ్గింది. "ఎవరు తెప్పించారు దాన్ని?" అని అడిగింది ఆమె. ఆమే చెప్పింది: "నువ్వే తెప్పించావు, నువ్వే పంపించావు. చంపేదైతే అట్లా పోతుందా?"

గుండె మాత్రలు ఒక్కసారిగా మానొద్దని, తను చెప్పిన లెక్కన తగ్గించాలని చెప్పింది. నాడి పట్టుకోవడం మానమంది. మొదట అన్నం తినేటప్పుడు, తర్వాత పొద్దున, అట్లా ఒక్కో పూట. టీ తగ్గించమంది. అన్నిటికన్నా ముఖ్యం నడవమంది. నడుస్తుంటే గుండె కొట్టుకుంటుంది, కొట్టుకోవడం దాని పని, అది కొట్టుకున్నప్పుడల్లా కూర్చుంటే ఒళ్ళు కూర్చోవడమే నేర్చుకుంటుంది అంది. మందు అవసరమైతే దానికీ మందుంది, సిగ్గుపడకుండా రమ్మంది. మా పుస్తకంలో చెదలు తిన్న పేజీల్లో ఇదంతా ఉందో లేదో నాకు తెలియదు.

నాకు పని లేదు కాబట్టి వారానికి రెండుసార్లు బస్సెక్కి గురవయ్య ఊరికి పోయేవాణ్ణి. మొదటి వారం వాకిలి దాకా. తర్వాత చేతిపంపు దాకా. మధ్యలో నాలుగు రోజులు మళ్ళీ మంచం. "నిన్న బాగుండె, ఈపొద్దు మళ్ళీ మొదటికొచ్చింది బావా" అనేవాడు. తిరుపాలమ్మ మంచం కోడు తన్ని, "మొదటికొచ్చింది అది గాదు, నువ్వు. లెయ్" అనేది. ఊళ్ళోవాళ్ళు వదల్లేదు. "ఏం గురవయ్యా, మాడిన గుండె చిగురేసిందా?" అని అరుగుల మీద నుంచి అడిగేవాళ్ళు. ఆయన తల వంచుకుని నడిచేవాడు. కొన్నాళ్ళకు, "చిగురేసింది, మీ మేకల్ని కట్టేసుకోండి" అనడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

లారీ మలుపు దాకా పోవడానికి మూడు నెలలు పట్టింది. అక్కడ నిలబడ్డాం. ఎండ చిటచిటలాడుతోంది. కనిగిరి వైపు నుంచి లారీ వస్తున్న చప్పుడు వినగానే నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టు వణుకుతోంది.

"బావా, వచ్చింది."

"రానీ. నీకు దాంతో పరిచయమే గదా."

"పోదాం పా."

"అదే పోతాది. మనం పోవద్దు."

లారీ దుమ్ము లేపి పోయింది. ఆయన ఊపిరి బయటికి వదులుతూ నిలబడ్డాడు. చెమటకు చొక్కా తడిసింది. కానీ కూలబడలేదు. కాసేపటికి నా చెయ్యి వదిలేసి, మలుపు పక్కన ఎండిన గడ్డి వైపు చూపించి, "ఆడనే పడిపోయినాయి నా గొర్రెలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారని తిరుపాలమ్మ తర్వాత చెప్పింది.

అడగాల్సిన మాట

ఇక్కడితో ముగిస్తే మీకు బాగుంటుంది. నేను ముగించను.

గురవయ్య ఇప్పుడు నడుస్తాడు. వేళ్ళు అప్పుడప్పుడు జివ్వుమంటాయి, పట్టించుకోడు. అలసిన రోజు ఛాతీ పట్టేస్తుంది, భుజాలు వదులు చేసి, ఊపిరి వదిలి, పనిలో పడతాడు. కానీ మంద రాలేదు. నాలుగేళ్ళు మంచంలో కరిగిన కాళ్ళ కండలు పూర్తిగా రాలేదు. పొదిలి దారిలో ఒకాయన గొర్రెలను కూలికి కాస్తున్నాడు. సొంత మందలో ప్రతి గొర్రెకూ తల్లి ఎవరో చెప్పగలిగిన మనిషి.

మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే, బస్టాండు నుంచి నడుచుకుంటూ. నేను లోపలికి రమ్మన్నాను. రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"ఒకటి అడగాలని వచ్చినా. మలుపు దగ్గర నడిచేటప్పుడు చెప్పినావు, ఆ పొద్దు గీత చెడింది గుండె వల్ల గాదు, వణుకు వల్ల అని."

"అవును."

"అది వణుకని నీకు ఎప్పుడు తెలిసింది?"

ఈ మాట ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. ఆ ఆదివారం రెండో కాగితం తీశాకే తెలిసిందని చెప్పొచ్చు. నల్లబడిన కాగితంలో సాక్ష్యం ఏమీ లేదు. నన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

"ఆ పొద్దే తెలుసు" అన్నాను. "కాగితం బయటికి వస్తున్నప్పుడే."

"పెద్ద డాక్టరుకు చెప్పినావా?"

"ఒకసారి చెప్పినాను."

"మాకు?"

తల అడ్డంగా ఊపాను. "ఇంటికొచ్చి చెప్పలేకపోయినా, బయట బస్టాండులో తిరుపాలు చెవిలో ఒక్క మాట" అని ఆయనే అని, పూర్తి చేయకుండా ఆపేశాడు. ఆయన చేతుల వైపు చూశాను. వణకడం లేదు.

తువ్వాలు మడతలోంచి ఆ నల్ల కార్డు తీశాడు. నాలుగేళ్ళు దేవుడి పటం వెనక దాచుకున్న కార్డు. అంచులు అరిగి ప్లాస్టిక్ లేచిపోయింది.

"ఇది నా గుండె గాదని నువ్వే చెప్తివి" అన్నాడు. "అట్లయితే నీదే అయ్యుంటాది. నీ దగ్గర పెట్టుకో అయ్యా."

బావా అనలేదు. అయ్యా అన్నాడు. కార్డు గడప మీద పెట్టి, వెనుదిరిగి, వీధి చివరిదాకా ఎక్కడా గోడ పట్టుకోకుండా నడుచుకుంటూ పోయాడు.